బీరువాలోని థీసిస్ నుంచి జర్నల్ పేపర్ దాకా: కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ఒక దారి

పీహెచ్‌డీ వైవా అయిన రోజు డిపార్ట్‌మెంట్ అంతా స్వీట్లు పంచి, గైడ్ గారికి శాలువా కప్పి, నల్ల రెగ్జిన్ బైండింగ్ మీద బంగారు అక్షరాలున్న థీసిస్‌ని ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. మళ్లీ దాన్ని బయటికి తీసింది నాలుగేళ్ల తర్వాత, ప్రమోషన్ దరఖాస్తులు పెట్టుకోమని సర్క్యులర్ వచ్చాక. చేతిలో ఒక్క పేపర్ కూడా లేదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన జర్నల్‌కి ఒక చాప్టర్ యథాతథంగా పంపించి, అడిగిన ఫీజు కట్టాను. నాలుగో రోజుకి పేపర్ అచ్చయింది, రంగుల సర్టిఫికెట్ కూడా వచ్చింది. స్క్రీనింగ్ కమిటీలో ఒకాయన ఆ సర్టిఫికెట్‌ని వేలితో పక్కకి జరిపి, "ఇది లెక్కలోకి రాదండీ" అన్నారు. అంతే, ఏడాది వెనక్కి పోయాను.

ఆ ఏడాది నేర్చుకున్నదీ, ఆ తర్వాత జూనియర్ల ఫైళ్లు చూస్తూ తెలుసుకున్నదీ వరసగా రాస్తున్నాను. నాది సోషల్ సైన్స్ కాబట్టి ఉదాహరణలు అటువైపువే వస్తాయి. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు కొన్నిచోట్ల మార్చుకుని చదువుకోండి.

1. ముందు రూల్స్‌ని కాగితం మీద చూడండి

క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, అంటే సర్వీసునీ పేపర్లనీ బట్టి పై మెట్టుకి వెళ్లే పద్ధతి) ప్రమోషన్ గురించి స్టాఫ్ రూంలో తలా ఒక లెక్క చెప్తారు. ఎవరి మాటా నమ్మకండి. 2018 జూలైలో వచ్చిన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) రెగ్యులేషన్స్ డౌన్‌లోడ్ చేసుకుని, మీ యూనివర్సిటీ వాటిని ఏ మార్పులతో అమలు చేస్తోందో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా ఒకటి విడుదల చేసి, ప్రమోషన్ కోసం పాయింట్లు లెక్కపెట్టే స్కోర్ల పద్ధతినే మార్చాలని ప్రతిపాదించింది. అందుకే మీరు దరఖాస్తు పెట్టే రోజున ఏ రూలు నడుస్తోందో చూసుకోవడం మీ పనే.

2018 రూల్స్ ప్రకారం యూనివర్సిటీ టీచర్ల మెట్లు ఇవి. అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవెల్ 10 జీతం స్థాయిలో చేరతారు. పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్లకి, ఎంఫిల్ ఉంటే 5 ఏళ్లకి, రెండూ లేకపోతే 6 ఏళ్లకి లెవెల్ 11కి అర్హత వస్తుంది. దానికి 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు, దాంతోపాటు కనీసం వారం రోజుల ఇంకో కోర్సు లేదా ఒక మూక్ (ఆన్‌లైన్ కోర్సు) సర్టిఫికెట్, ఒక పేపర్ కావాలి. అక్కణ్ణుంచి 5 ఏళ్లకి లెవెల్ 12. దానికి పీహెచ్‌డీ, 3 పేపర్లు ఉండాలి. మరో 3 ఏళ్లకి లెవెల్ 13ఏ, అంటే అసోసియేట్ ప్రొఫెసర్. అప్పటికి మొత్తం 7 పేపర్లు ఉండాలి, వాటిలో 3 ఆ అసెస్‌మెంట్ కాలంలో వచ్చినవై ఉండాలి, ఒక పీహెచ్‌డీ స్కాలర్‌కి గైడ్‌గా ఉన్నట్టు ఆధారం చూపించాలి, రీసెర్చ్ స్కోర్ (పేపర్లు, పుస్తకాల లాంటి వాటికి వచ్చే పాయింట్లు, 9లో చెప్తాను) 70 రావాలి. ఇంకో 3 ఏళ్లకి ప్రొఫెసర్. దానికి 10 పేపర్లు, స్కోర్ 110. డిగ్రీ కాలేజీల వాళ్లకి పట్టిక వేరుగా ఉంటుంది, అందులోనే చూసుకోండి.

ఇప్పుడు ఒక కూడిక చేద్దాం. 4, 5, 3, 3 కలిపితే 15 ఏళ్లు. 15 ఏళ్లలో 10 పేపర్లు. మూడేళ్లకి రెండు! నాలాంటివాడు పిచ్చి జర్నల్‌కి డబ్బు కట్టింది ఈ సంఖ్య పెద్దదై కాదు. మూడున్నరేళ్లు ఏమీ రాయకుండా ఉండి, చివరి ఆరు నెలల్లో టెన్షన్ పడడం వల్ల. ఈ కూడికని ఒక కాగితం మీద రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకోండి. కింద చెప్పేదంతా దీని మీదే నిలబడింది.

2. రాతకి ఒక పీరియడ్ వేసుకోండి

యూజీసీ లెక్కలో వారానికి 40 గంటల పని. అందులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్లాసులు 16 గంటలు, అసోసియేట్‌కీ ప్రొఫెసర్‌కీ 14. మిగతా గంటలు ఎటు పోతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. న్యాక్ (కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్, అడ్మిషన్లు, హాస్టల్ కమిటీ, హెచ్ఓడీ గారి "ఒక్క నిమిషం రండి". గెస్ట్ ఫ్యాకల్టీ లేని డిపార్ట్‌మెంట్‌లో 16 గంటలు కాస్తా 22 అవుతాయి.

సెలవుల్లో రాద్దామనుకున్నవాళ్లు రాసింది నేను చూడలేదు. సెలవుల్లో పెళ్లిళ్లుంటాయి. పనిచేసే పద్ధతి ఒక్కటే. సెమిస్టర్ టైమ్‌టేబుల్ చేతికి రాగానే మీ లీజర్ పీరియడ్లలో వారానికి మూడింటిని ఎర్ర పెన్నుతో చుట్టండి. అవి మీకు క్లాసులే. ఆ టైంలో స్టాఫ్ రూంలో కూర్చోకండి, లైబ్రరీకి వెళ్లండి. ఎవరైనా అడిగితే "క్లాసుంది" అనండి, అబద్ధమేం కాదు. 50 నిమిషాల్లో 150 మాటలు రాయగలిగితే చాలు. వారానికి 450 మాటలు, 15 వారాల సెమిస్టర్‌కి ఆరు వేల పైచిలుకు. ఒక పేపర్ చిత్తుప్రతికి అది సరిపోతుంది.

పీరియడ్ అయిపోయేటప్పుడు పేరా ముగించకుండా సగం వాక్యంలో ఆపండి. మర్నాడు కూర్చోగానే చేయాల్సిన పని ఎదురుగా ఉంటుంది. ఖాళీ తెర ముందు పది నిమిషాలు గుటకలు మింగే బాధ ఉండదు. ఆఖరి నిమిషంలో "రేపు: టేబుల్ 2 గురించి" అని ఒక ముక్క రాసి లేవండి.

స్పాట్ వాల్యుయేషన్ జరిగే వారాల్లో రాయడం కుదరదు, ఒప్పుకోండి. అప్పుడు రిఫరెన్సులు సరిచూడడం, టేబుళ్లకి పేర్లు పెట్టడం లాంటి చిల్లర పని చేయండి. ఫైలు తెరవకుండా మూడు వారాలు గడిస్తే మాత్రం మళ్లీ అందులోకి దిగడానికే వారం పడుతుంది.

ఇంకో మాట. పొద్దున్నే ఐదింటికి లేచి రాయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఆ టైంకి కాఫీ ఇంకెవరో కలిపి ఇస్తారు. ఇంట్లో టిఫిన్, పిల్లల బాక్సులు చూసుకునే ఆడవాళ్లకి ఆ సలహా పనికిరాదు. క్యాంపస్‌లో దొరికే పీరియడే వాళ్లకి నమ్మకమైన టైం. ఇద్దరు ముగ్గురు సహోద్యోగులు ఒకే పీరియడ్‌లో లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇంకా మేలు. ఒకరు రాకపోతే ఇంకొకరు ఫోన్ చేస్తారు.

3. థీసిస్‌లోంచి చాప్టర్‌ని కోయకండి, ప్రశ్నని తీయండి

అందరూ చేసే పొరపాటు ఇదే, నేనూ చేశాను. మూడో చాప్టర్‌ని కాపీ చేసి, పైన టైటిల్ పెట్టి పంపేస్తాం. థీసిస్ రాసింది పరీక్షకుల కోసం. మనకి అన్నీ తెలుసని వాళ్లకి చూపించాలి కాబట్టి అందులో అన్నీ ఉంటాయి. పేపర్ చదివేవాడికి మనకేం తెలుసన్నదాంతో పని లేదు, అతనికి కావలసింది ఒక్క కొత్త విషయం.

ఒక ఉదాహరణ కల్పించి చెప్తాను. "అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతుల ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం" అని ఒక థీసిస్ ఉందనుకుందాం. ఏడు చాప్టర్లు, 300 పేజీలు. ఇందులో ఎన్ని పేపర్లున్నాయి? చాప్టర్లు లెక్కపెట్టి ఏడు అనకండి. పెన్ను పట్టుకుని, థీసిస్ మూసేసి, ఈ ఒక్క వాక్యం పూర్తి చేయండి: "ఈ పని మొదలుపెట్టక ముందు నాకు తెలియనిది, ఇప్పుడు తెలిసింది ఏమిటంటే..." ఆ వాక్యానికి మీకు మూడు రకాల ముగింపులు దొరికితే మూడు పేపర్లున్నట్టు. బ్యాంకు లోనున్న రైతు కూడా విత్తనాల అదునుకి వడ్డీ వ్యాపారి దగ్గరికే ఎందుకు వెళ్తున్నాడు అన్నది ఒక ప్రశ్న. కౌలు రైతుకి పంట బీమా డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది అన్నది ఇంకొకటి. ఇంట్లో ఆడవాళ్ల పొదుపు సంఘం అప్పు చివరికి పొలానికే పోతోందా అన్నది మూడోది. "సామాజిక ఆర్థిక స్థితిగతులు" అన్నది మాత్రం ప్రశ్న కాదు.

టైటిల్ కూడా అక్కణ్ణుంచే పుడుతుంది. చివర్లో "ఒక అధ్యయనం", "ఒక విశ్లేషణ", "ఒక పరిశీలన" లాంటి తోకలుంటే కత్తిరించండి. అధ్యయనం కాకపోతే జర్నల్‌కి ఎందుకు పంపుతాం?

ప్రశ్న దొరికాక, దాన్ని మీ డిపార్ట్‌మెంట్ బయటి మనిషికి రెండు నిమిషాల్లో చెప్పి చూడండి. నేను మా ఫిజిక్స్ మిత్రుడికి క్యాంటీన్‌లో చెప్తాను. అతను "అయితే ఏంటి?" అంటే ప్రశ్న ఇంకా పండలేదని అర్థం. "నిజంగానా?" అంటే రాయడం మొదలుపెట్టొచ్చు.

4. చదివే వరసలో రాయకండి

పేపర్ చదివేటప్పుడు ముందుగా కనిపించేది సారాంశం, తర్వాత ఉపోద్ఘాతం. రాసేటప్పుడు ఆ వరస పనికిరాదు. ఉపోద్ఘాతంతో మొదలుపెడితే మనవాళ్లు "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని మొదలుపెట్టి రెండు నెలలు అక్కడే ఉండిపోతారు.

మొదట టేబుళ్లు, బొమ్మలు తయారుచేయండి. ఒక పేపర్‌కి నాలుగైదు మించొద్దు. థీసిస్‌లో 60 టేబుళ్లుంటాయి, వాటిలో మీ ప్రశ్నకి జవాబిచ్చేవి నాలుగే ఉంటాయి. మిగతా వాటిని వదిలేయడానికి మనసొప్పదు, అయినా వదిలేయాలి. సాహిత్యం, చరిత్ర వాళ్లు టేబుళ్ల బదులు నాలుగైదు కీలకమైన పాఠ్యభాగాలో, శాసనాలో, ఆర్కైవ్ కాగితాలో బల్ల మీద పెట్టుకోవాలి.

రెండోది, ఒక్కో టేబుల్ గురించి ఒక్కో పేరా. టేబుల్‌లో ఉన్న అంకెల్ని మళ్లీ మాటల్లో అప్పజెప్పకండి, ఆ అంకెలు ఏం చెప్తున్నాయో చెప్పండి. మూడోది, పద్ధతి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందిని, ఎలా ఎంచుకుని అడిగారో రాయండి. "ర్యాండమ్ శాంప్లింగ్" (లాటరీ తీసినట్టు ఎంచుకోవడం) అని రాసేసి, నిజానికి బస్సు ఆగే ఊళ్లకే వెళ్లినవాళ్లు మనలో ఉన్నారు. బస్సు ఆగే ఊళ్లకే వెళ్లామని నిజాయితీగా రాస్తే రివ్యూయర్ (జర్నల్ తరఫున పేపర్ చదివి అభిప్రాయం చెప్పేవాడు) ఒప్పుకుంటాడు, అబద్ధం రాస్తే పట్టేస్తాడు. ఆ తర్వాత చర్చ. మీకంటే ముందు రాసినవాళ్లు చెప్పినదాంతో మీ ఫలితం ఎక్కడ కలుస్తోంది, ఎక్కడ కలవడం లేదు? కలవని చోటే మీ పేపర్ విలువంతా ఉంది.

ఉపోద్ఘాతం ఇదంతా అయ్యాక రాయండి. అప్పటికి దేనికి ఉపోద్ఘాతమో మీకు తెలుస్తుంది. మూడు నాలుగు పేరాలు చాలు. సమస్య ఏమిటి, దాని గురించి ఇంతవరకు తెలిసింది ఏమిటి, తెలియనిది ఏమిటి, ఈ పేపర్ ఏం చేస్తుంది.

సారాంశం ఆఖర్న. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే భాగం. ఎడిటర్ పేపర్‌ని రివ్యూకి పంపాలా వద్దా అన్నది చాలాసార్లు దీన్ని చూసే తేల్చుకుంటాడు. పై ఉదాహరణకే రెండు రకాలుగా రాస్తాను, చూడండి.

మామూలుగా రాసేది: "వ్యవసాయం మన ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక. రైతుల రుణాలు ఎంతో ప్రాముఖ్యం గల అంశం. ఈ పేపర్ అనంతపురం జిల్లా రైతుల రుణ పరిస్థితిని అధ్యయనం చేస్తుంది. ఫలితాలు చర్చించబడ్డాయి. సూచనలు ఇవ్వబడ్డాయి."

రాయాల్సింది: "బ్యాంకు రుణం ఉన్న రైతులు కూడా వడ్డీ వ్యాపారుల దగ్గర ఎందుకు అప్పు చేస్తున్నారు? అనంతపురం జిల్లాలోని రెండు మండలాల్లో వేరుశనగ రైతుల్ని ఇంటర్వ్యూ చేసి ఈ పేపర్ జవాబు వెతుకుతుంది. వడ్డీ రేటు కంటే డబ్బు చేతికందే రోజే రైతుకి ముఖ్యమని తేలింది. రెన్యువల్ ఆలస్యమై బ్యాంకు డబ్బు విత్తనాల అదును దాటాక వస్తోంది. రుణాల మొత్తం పెంచడం కంటే వాటిని ఇచ్చే తేదీని ముందుకు జరపడం ఎక్కువ మేలు చేస్తుందని ఈ పేపర్ వాదిస్తుంది."

మొదటిదాంట్లో ఊరి పేరు మార్చేస్తే ఏ పేపర్‌కైనా అతుకుతుంది, రెండోది అతకదు. మీ సారాంశాన్ని కూడా ఇలాగే ఊరి పేరు మార్చి పరీక్షించుకోండి.

5. ఇంగ్లీషు గురించిన భయం

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో రాయాలంటే మొదట్లో ప్రతి వాక్యానికీ సూటూ బూటూ తొడిగేవాణ్ణి. పొడవాటి వాక్యాలు, బరువైన మాటలు. ఒకసారి ఒక రివ్యూయర్ "రచయిత ఏం చెప్పాలనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు" అని ఒకే ఒక్క లైను రాసి పంపాడు. నిజానికి అది భాష తప్పు కాదు. నాకే ఆ పేరాలో ఏం చెప్పాలో తేలలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. కష్టమైన పేరా వస్తే ముందు తెలుగులో, స్నేహితుడికి చెప్పినట్టు, నాలుగు ముక్కలు రాసుకుంటాను. వాదం తెలుగులో నిలబడితే ఇంగ్లీషులోనూ నిలబడుతుంది. ఇంగ్లీషు వాక్యం రెండు లైన్లు దాటితే విరిచేస్తాను. నేను వెళ్లి అడిగాను కాబట్టి "నేను అడిగాను" అనే రాస్తాను, "అడగబడింది" అని రాయను. వ్యాకరణం చూసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాడుకోండి. ఎ, యాన్, ది లాంటి ఆర్టికల్స్ తప్పులు అవే సరిదిద్దుతాయి.

చాట్‌జీపీటీ లాంటి ఏఐతో వాక్యాలు సరిచేయించుకుంటే ఆ సంగతి జర్నల్ నియమాల ప్రకారం చెప్పేయండి. దాని చేత పేపర్ రాయించకండి, ముఖ్యంగా రిఫరెన్సులు అడగకండి. లేని వ్యాసానికి లేని రచయిత పేరు పెట్టి, సంవత్సరంతో సహా నమ్మకంగా ఇచ్చేస్తుంది. మీరు తెరిచి చదవని రిఫరెన్సు ఒక్కటి కూడా జాబితాలో ఉండకూడదు.

దొంగరాత విషయంలో రూలు కఠినంగా ఉంది. 2018 యూజీసీ నిబంధనల్లో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా పేపర్ వెనక్కి తీసుకోవాలి. 40 దాటి 60 దాకా ఒక ఇంక్రిమెంట్ పోతుంది, రెండేళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. 60 దాటితే రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్లు. మీ సొంత థీసిస్ ఇప్పటికే శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం) ఉంటుంది కాబట్టి, చాప్టర్‌ని ఉన్నదున్నట్టు పంపితే అక్కడ కూడా పోలిక బయటపడుతుంది. కొత్తగా రాయమనడానికి ఇదో కారణం. పేపర్ చివర "ఇది నా పీహెచ్‌డీ పని ఆధారంగా రాసింది" అని ఒక వాక్యం పెట్టండి.

6. మీ పేరు ఒకటే ఉండాలి

మన పేర్ల గొడవ ప్రపంచంలో ఎవరికీ ఉండదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, చివర రావో రెడ్డో కుమారో. కొమ్మూరి వెంకట రమణారావు అనే ఆయన ఉన్నారనుకోండి. ఒక పేపర్‌లో కె.వి. రమణారావు, ఇంకోదాంట్లో కె. వెంకట రమణ, మూడోదాంట్లో రావు కె.వి.ఆర్. డేటాబేస్‌కి వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. పైగా ఆ మూడో పేరుతో దేశంలో వందలమంది ఉంటారు. ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో పడిపోతాయి.

మొదటి పేపర్ పంపే ముందే తేల్చుకోండి. సర్టిఫికెట్లకి దగ్గరగా ఉండే ఒక రూపం ఎంచుకుని, రిటైరయ్యేదాకా అదే వాడండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునే ఆడవాళ్లు పేపర్ల మీద మాత్రం పాత పేరే ఉంచుకోవడం సుఖం. ఆర్కిడ్ నంబర్ (పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి. 16 అంకెలు, ఉచితం, పది నిమిషాల పని. పేరు ఎలా మారినా ఆ నంబర్ మారదు.

7. ఎక్కడికి పంపాలి

ఇక్కడే ఎక్కువమంది మునిగిపోతారు. పేపర్ రాయడం మొదలుపెట్టేటప్పుడే జర్నల్ ఎంచుకోండి, పూర్తయ్యాక కాదు. మీ రిఫరెన్సు జాబితా చూసుకోండి. మీరు ఎక్కువగా ఉదహరించిన రెండు మూడు జర్నళ్లే మీ పేపర్ వెళ్లాల్సిన చోట్లు. ఉదహరించిన జర్నల్ ఒక్కటీ లేకపోతే మీ చదువు ఇంకా పూర్తి కాలేదు.

చదవడానికి డబ్బుల్లేవనే మాట ఇప్పుడు ప్రభుత్వ యూనివర్సిటీల్లో చెల్లదు. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 పెద్ద పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు 2025 నుంచి ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకి అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ కోసం మీ లైబ్రేరియన్‌ని అడగండి. సోషల్ సైన్స్ వాళ్లకి ఉస్మానియా క్యాంపస్‌లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది.

యూజీసీ కేర్ లిస్టు, అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, 2019లో మొదలైంది, 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేసింది. అంటే జర్నల్ మంచిదో కాదో తేల్చే పని సంస్థల మీద, మన మీద పడింది. "కేర్ లిస్టెడ్" అని ఇప్పటికీ ప్రచారం చేసుకునే జర్నల్‌ని మొదట అనుమానించాలి.

దొంగ జర్నల్ గుర్తులు ఇన్నేళ్లలో నాకు కంఠతా వచ్చాయి. వారంలో ప్రచురిస్తామంటుంది. ఒకే సంచికలో హోమియోపతి, కంప్యూటర్ సైన్స్, కన్నడ సాహిత్యం పక్కపక్కన ఉంటాయి. పేపర్ చదవకముందే ఫీజు అడుగుతుంది. "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని మెయిల్ పంపుతుంది, మీరు చేరి ఆరు నెలలే అయినా సరే. ఏదో "గ్లోబల్" ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లని సగటున ఎంతమంది ఉదహరించారన్న లెక్క) చూపిస్తుంది. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే కంపెనీ ఒక్కటే. ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) ఉంది కదా అంటారు. అది బండి నంబర్ ప్లేటు లాంటిది, బండి కండిషన్ గురించి ఏమీ చెప్పదు.

ఇంకా ప్రమాదమైనవి నకిలీ వెబ్‌సైట్లు. నిజమైన పాత జర్నల్ పేరూ, ఐఎస్ఎస్ఎన్నూ ఎత్తుకుని వేరే సైట్ పెట్టి డబ్బు వసూలు చేస్తారు. గూగుల్‌లో పైన కనిపించిన లింకు నొక్కకండి, పబ్లిషర్ సైట్ నుంచో స్కోపస్ (జర్నళ్ల అంతర్జాతీయ డేటాబేస్) జాబితా నుంచో లోపలికి వెళ్లండి. స్కోపస్ జాబితాలోంచి తీసేసిన జర్నళ్ల పట్టిక కూడా వేరే ఉంటుంది. పంపే రోజున అది చూసి, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తర్వాత కమిటీ అడిగితే పనికొస్తుంది.

మంచి జర్నల్ అంటే డబ్బు కట్టాల్సిందే అనుకోకండి. బెంగళూరులో సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లు రచయితల దగ్గర ప్రచురణ ఫీజు తీసుకోవు. ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో చోటు దొరకడం కష్టం, కానీ దొరికితే అది డబ్బుతో వచ్చింది కాదని అందరికీ తెలుసు.

ఒకేసారి రెండు జర్నళ్లకి మాత్రం పంపకండి. ఆలస్యం అవుతోందన్న బాధ అర్థమవుతుంది, అయినా వద్దు. మూడు నెలలు చూసి ఎడిటర్‌కి మర్యాదగా ఒక మెయిల్ రాయండి. జవాబు రాకపోతే వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి, ఆ తర్వాతే ఇంకోచోటికి పంపండి.

8. తిరిగొచ్చిన పేపర్

రివ్యూ రిపోర్టు వచ్చిన రోజు చదవండి, జవాబు రాయకండి. ఆ రోజు మనకి రివ్యూయర్ శత్రువులా కనిపిస్తాడు. మూడు రోజులయ్యాక మళ్లీ తెరిస్తే, తిట్టాడనుకున్న పది మాటల్లో ఏడు సరైనవే అని తెలుస్తుంది.

"పెద్ద మార్పులు చేసి పంపండి" అన్న ఉత్తరాన్ని తిరస్కరణ అనుకుని పేపర్‌ని మళ్లీ బీరువాలో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. అది శుభవార్త. వద్దనుకుంటే ఎడిటర్ వద్దనే రాసేవాడు.

ఒక పట్టిక గీయండి. ఎడమవైపు రివ్యూయర్ అన్న ప్రతి మాట, ఒక్కటీ వదలకుండా. మధ్యలో మీ జవాబు. కుడివైపు మార్పు ఏ పేజీలో, ఏ లైన్లో చేశారో. ఒప్పుకోలేని మాట ఉంటే "ఈ సూచనకి కృతజ్ఞతలు. అయితే మా డేటా ఇది చెప్పడానికి చాలదు, ఎందుకంటే..." అని కారణంతో రాయండి. ఇద్దరు రివ్యూయర్లు ఒకరికొకరు వ్యతిరేకంగా చెప్తే ఆ సంగతి ఎడిటర్‌కే చెప్పి, మీరు ఏది ఎందుకు ఎంచుకున్నారో రాయండి.

తిరస్కరిస్తే రెండు వారాల్లోగా, వచ్చిన సలహాల్లో మంచివి చేర్చి, జాబితాలో రెండో జర్నల్‌కి పంపండి. అదే రివ్యూయర్ దగ్గరికి మళ్లీ వెళ్లే అవకాశం ఉంది, చిన్న రంగం కదా. పాత తప్పులతోనే వస్తే గుర్తుపడతాడు.

9. పేర్ల వరస, స్కోరు, ఫైలు

ఈ సంగతి రాసే ముందే మాట్లాడుకోవాలి, అచ్చయ్యాక కాదు. 2018 పట్టికలో ఇద్దరు రాసిన పేపర్‌కి ఒక్కొక్కరికీ 70 శాతం స్కోరు. ముగ్గురూ, అంతకంటే ఎక్కువమందీ అయితే మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితకి (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవాడు) 70, మిగతా వాళ్లకి తలా 30. సైన్స్‌లో పేపర్‌కి మూల స్కోరు 8, భాషలు, సోషల్ సైన్స్, కామర్స్ లాంటి వాటిలో 10. దాని మీద ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి అదనం. ఏ పనీ చేయని పెద్దాయన పేరు మధ్యలో ఇరికించమని అడగడం మన దగ్గర మామూలే. గైడ్ గారు నిజంగా పనిచేసి ఉంటే పేరు పెట్టాల్సిందే. హోదా కోసం అడిగేవాళ్లకి మాత్రం "కృతజ్ఞతల్లో మీ పేరు తప్పకుండా రాస్తాను సార్" అనడం నేర్చుకోండి. మొదటిసారి గొంతు వణుకుతుంది.

చాలామంది చూడని రెండు వాక్యాలు ఆ పట్టిక కింద ఉన్నాయి. స్కోరు ఆరు విభాగాల్లో కనీసం మూడింటి నుంచి రావాలి. సెమినార్ ప్రసంగాలు, పేపర్ ప్రెజెంటేషన్లు, పాలసీ పత్రాలు కలిపి మొత్తంలో 30 శాతం మించకూడదు. సెమినార్ సర్టిఫికెట్ల కట్ట ఎంత లావున్నా ఒక హద్దు దాటాక బరువు తప్ప ఉపయోగం లేదు. పుస్తకంలో చాప్టర్‌కి 5, పుస్తకం అనువాదానికి 8, వ్యాసం అనువాదానికి 3 ఉన్నాయి. తెలుగు, ఇంగ్లీషు శాఖల వాళ్లు అనువాదాన్ని ఎందుకు వదిలేస్తున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫైలు సంగతి చిన్నదే. చేరిన రోజునే ఒక ఫోల్డర్ తెరవండి, ఏడాదికో అర. పేపర్ అంగీకార మెయిల్, అచ్చయిన పీడీఎఫ్, సంచిక విషయసూచిక, జర్నల్ జాబితాలో ఉన్నట్టు స్క్రీన్‌షాట్. కోర్సు సర్టిఫికెట్ వచ్చిన రోజే స్కాన్ చేసి, కాపీ ఆఫీసులో ఇచ్చి సర్వీస్ రిజిస్టర్‌లో రాయించి, రాసిన పేజీ ఫోటో తీసుకోండి. అర్హత తేదీకి మూడు నెలల ముందు దరఖాస్తు సిద్ధంగా పెట్టుకోండి.

పేపర్ పంపిన మర్నాడు వచ్చే రాత పీరియడ్‌ని ఖాళీగా వదలకండి. జవాబు రావడానికి ఎంత లేదన్నా మూడు నాలుగు నెలలు పడుతుంది. రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటూ కూర్చునే బదులు, థీసిస్ మూసేసి పూర్తి చేసిన ఆ వాక్యానికి రెండో ముగింపు ఏం రాసుకున్నారో తీసి, దాని కోసం టేబుళ్లు ఏరడం మొదలుపెట్టండి.